కోదాడ పొట్లాలు

మా ఆయన అక్కను నేను వదినె అని పిలిచేదాన్ని. సూర్యాపేటలో మా ధాన్యం దుకాణం బోర్డు మీద మా ఆయన పేరుండేది గాని, ఏ బస్తా ఎక్కడ దింపాలో, ఏ రైతుకు ఏ ధర చెప్పాలో అన్నీ ఆమె నోటి నుంచే రావాలి. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. తండ్రి కూడా పోయాక తమ్ముణ్ణీ, దుకాణాన్నీ తనే పెంచింది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి ఆమెకు నలభై దాటాయి. పొడుగాటి మనిషి. గొంతు విప్పితే వీధి చివర బండి కట్టుకుంటున్నవాడు కూడా తిరిగి చూసేవాడు. నాకు ఆమె అంటే భయం. ఆ భయం లోపల ఇష్టం కూడా ఉండేదని చాలా కాలం తర్వాత గాని నాకు తెలియలేదు.

అంత మనిషినీ ఉబ్బసం పడగొట్టేది. కొత్త వడ్లు వచ్చి దుమ్ము లేచిందంటే ఆమెకు గండమే. గోడకు దిండు ఆనించుకుని, ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చునేది. మెడ నరాలు తేలేవి. గొంతులో పిల్లికూతలు. ఊపిరి చాలక మాట బదులు చేత్తో సైగ చేసేది. నేను వీపు నిమురుతూ, లోపలికి పోయిన గాలి బయటికి వచ్చేదాకా నా ఊపిరి కూడా బిగబట్టుకునేదాన్ని. కషాయాలు తాగింది. పొగ పట్టింది. మృగశిర నాడు హైదరాబాదు పోయి చేపమందు దగ్గర నిలబడింది, చేప తినదు కాబట్టి బెల్లంలో పెట్టి ఇచ్చారు. దేనితోనూ తగ్గలేదు.

అప్పుడు ఎవరో కోదాడ ఆయన సంగతి చెప్పారు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి, కోదాడలో పెద్ద రోడ్డు పక్కన ఇంటి ముందుగదిలో రోగుల్ని చూసేవాడు. డాక్టరు చదువు చదవలేదు గాని అందరూ డాక్టరుగారనే అనేవాళ్లు. మా ఆయన వదినెను బస్సులో తీసుకెళ్లాడు. ఆయన నాడి చూసి, వీపు మీద చెవి పెట్టి విని, కాగితం పొట్లాలు కొన్ని చేతిలో పెట్టి, పొద్దున్నే పాలతో ఒకటి వేసుకోమన్నాడట. లోపల తెల్లటి పొడి. అదేమిటని మేమెవరమూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

వారం తిరగకముందే ఒక పొద్దున నేను లేచి చూస్తే వదినె వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. పెళ్లయి వచ్చిన తర్వాత ఆమె అలా పడుకోగా నేను చూడటం అదే మొదటిసారి. భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టాను. కళ్లు తెరిచి, "ఏందే?" అంది. గొంతులో కూత లేదు.

ఆ తర్వాత మూడేళ్లు ఆమె మహారాణిలా తిరిగింది. ఆకలి పెరిగింది. నవ్వేది. ముఖం గుండ్రంగా, ఎర్రగా నిండింది. చూసినవాళ్లంతా ఒళ్లు చేసిందని సంతోషించారు. చేతులూ కాళ్లూ మాత్రం సన్నబడ్డాయి. గాజు తగిలినా నల్లగా కమిలేది. అవి మాకు పెద్ద విషయాలుగా తోచలేదు. పొట్లాలు అయిపోవచ్చే ముందు ఎవరో ఒకరం కోదాడ వెళ్లి తెచ్చేవాళ్లం.

సాగర్ నీళ్లు వచ్చి మిర్యాలగూడ చుట్టూ వరి పెరిగాక, మా వాళ్లు అక్కడ ఒక రైసుమిల్లులో వాటా తీసుకున్నారు. కొత్త పని కాబట్టి దగ్గరుండి చూస్తానని వదినె బయలుదేరింది. తోడుగా నన్నూ తీసుకెళ్లింది. మిల్లు పక్కనే రెండు గదుల ఇల్లు. మా ఆయన సూర్యాపేట దుకాణంలో ఉండిపోయాడు. ఆ ఏడే ప్రత్యేక తెలంగాణ కోసం గొడవలు మొదలయ్యాయి. బస్సు ఒకరోజు నడిస్తే రెండు రోజులు నిలిచిపోయేది. పొట్లాల కోసం మనిషిని పంపితే, కోదాడ ఆయన ఇంటికి తాళం ఉందని తిరిగి వచ్చాడు. ఆంధ్రా వైపు తన ఊరు వెళ్లిపోయి ఉంటాడని చుట్టుపక్కలవాళ్లు అన్నారట.

పొట్లాలు అయిపోయాయి. వదినె లెక్కచేయలేదు. తనకిప్పుడేమీ లేదని, ఎన్నాళ్లని మింగుతానని అంది.

కొద్ది రోజుల్లో ఆమెకు ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. అన్నం సహించలేదు. కూర్చుని లేస్తే కళ్లు తిరిగి గోడ పట్టుకునేది. ఎండల వల్ల అనుకున్నాం. మజ్జిగ తాగించాను. మిల్లులోకి వెళ్లడం మానేసింది. పిలిస్తే పలకడానికి కూడా ఓపిక లేనట్టు కళ్లు మాత్రం తిప్పేది. ఆ కళ్లను చూస్తే నాకు ఉబ్బసం రోజులకంటే ఎక్కువ భయం వేసింది. ఉబ్బసంలో ఆమె పోరాడేది. ఇప్పుడు పోరాడటం లేదు.

ఒక తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు పట్టుకున్నాయి. ఒళ్లు కాలుతోంది. మిల్లులో హమాలీలు మంచం మీదే ఎత్తుకుని దవాఖానకు తీసుకొచ్చారు. అది నాలుగు మంచాల చిన్న దవాఖాన. హైదరాబాదులో చదివి వచ్చిన డాక్టరు, ఒక నర్సు, ఒక కాంపౌండరు. డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. కుడివైపు పేగు వాచినట్టుంది, పగిలితే ప్రమాదం, వెంటనే కోయాలి అన్నాడు. చక్కెర జబ్బు ఉందా, ఏమైనా మందులు వాడుతోందా అని అడిగాడు. వదినె తల అడ్డంగా ఊపింది. నేనూ లేదన్నాను. పొట్లాలు ఆగిపోయి చాలా రోజులైంది. పైగా అవి మందుల లెక్కలోకి వస్తాయని మాకు తోచనే లేదు. సూర్యాపేటకు ట్రంకాల్ చేయబోతే లైను దొరకలేదు. మగవాళ్లెవరూ లేరా అని డాక్టరు అడిగాడు. నేనున్నానని చెప్పాను.

ఆపరేషన్ గది తలుపు ముందు బెంచీ మీద కూర్చున్నాను. మత్తుకిచ్చే ఈథర్ వాసన తియ్యగా, తల తిరిగేలా బయటికి వస్తోంది. మొదట లోపల మామూలు మాటలు వినిపించాయి. ఉన్నట్టుండి మాటలు ఆగాయి. ఏదో పళ్లెం కింద పడింది. డాక్టరు గొంతు పెద్దదైంది. నర్సు తలుపు తోసుకుని బయటి అలమారా దగ్గరికి పరుగెత్తింది. తలుపు అలాగే తెరిచి ఉంది.

డాక్టరు ఒక మోకాలు బల్ల మీద ఆనించి, రెండు చేతులూ కలిపి, తన బరువంతా వేసి వదినె రొమ్ము మీద నొక్కుతున్నాడు. నొక్కినప్పుడల్లా ఆమె తల ఊగుతోంది. లోపల ఏదో పటుక్కుమని విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఆమెను కొడుతున్నాడనుకున్నాను. గడప దాటి వెళ్లాను. నన్ను చూసి కూడా ఆయన ఆపలేదు. "అక్కడనే ఉండమ్మా. గుండె ఆగింది," అన్నాడు. నర్సు పొడుగాటి సూది తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని పక్కటెముకల మధ్య నుంచి నేరుగా లోపలికి దింపాడు. మళ్లీ నొక్కాడు. ఆగి చెవికి గొట్టం పెట్టుకుని విన్నాడు.  మళ్లీ నొక్కాడు. వదినె పాదాలు నాకు ఎదురుగా ఉన్నాయి. అవి మైనంలా ఉన్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాను.

"వచ్చింది," అన్నాడు డాక్టరు. ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు.

ఆయన కుట్లు వేసి బయటికి వచ్చేసరికి చొక్కా అంతా తడిసిపోయి ఉంది. నా పక్కనే బెంచీ మీద కూర్చుండిపోయాడు. గుండె మళ్లీ కొట్టుకుంటోంది గాని రక్తపోటు నిలబడటం లేదన్నాడు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాడు. పేగు శుభ్రంగా ఉందట. అందులో ఏ జబ్బూ లేదట. మరి ఆ నొప్పి ఎందుకు వచ్చిందో, గుండె ఎందుకు ఆగిందో తనకు అంతుపట్టడం లేదన్నాడు.

ఆమెను మంచం మీదికి మార్చారు. పైన సీసా నుంచి మందు చుక్కలు చుక్కలుగా దిగుతోంది. చుక్క వేగంగా పడినంతసేపు రక్తపోటు చూసే పెట్టెలో పాదరసం కాస్త పైన ఆగేది. వేగం తగ్గిస్తే జారిపోయేది. డాక్టరు పెంచాడు, తగ్గించాడు, మళ్లీ పెంచాడు. పెంచినా జారడం మొదలైంది. ఆయన ముఖం చూసి నాకు విషయం అర్థమైంది. ఏడవడానికి కూడా చేతకాక ఆమె చేతిని పట్టుకుని కూర్చున్నాను. చల్లగా ఉంది.

అప్పుడాయన దీపం దగ్గరికి తెప్పించి వదినెను తల నుంచి కాళ్ల దాకా కొత్తగా చూడటం మొదలుపెట్టాడు. పొట్ట మీద ఊదారంగు చారలు. సూది కదలకుండా అంటించిన పట్టీ తీస్తే దానితోపాటు చర్మం ఉల్లిపొరలా లేచి వచ్చింది. చేతుల మీది పాత కమిలిన మచ్చల్ని వేలితో తాకి చూశాడు. తర్వాత చాలాసేపు ముఖం వైపు చూశాడు.

"ఈమె ముఖం ముందు నుంచి ఇట్లనే గుండ్రంగ ఉండెనా?" అని అడిగాడు.

లేదన్నాను. మూడేళ్ల నుంచే ఇలా నిండిందన్నాను.

"మూడేండ్ల కింద ఏమైంది?"

పొట్లాల సంగతి చెప్పాను. కోదాడ ఆయన, పాలతో తెల్ల పొడి, ఉబ్బసం మాయమవడం, గొడవలతో పొట్లాలు ఆగిపోవడం. నేను చెబుతూ ఉంటే ఆయన రెండు చేతులూ మంచం పట్టీ మీద పెట్టి వంగి నిలబడ్డాడు. మాట పూర్తి కాకముందే అలమారా దగ్గరికి వెళ్లి ఒక చిన్న మందుసీసా తెచ్చాడు. ఆ మందు తన దగ్గర అదొక్కటే ఉంది. నీళ్లు కలిపి నరంలోకి ఎక్కించాడు.

ఇద్దరం పాదరసం వైపు చూస్తూ కూర్చున్నాం. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత అది కొంచెం పైకి వెళ్లింది, ఆగింది. ఆయన సీసా చుక్క తగ్గించాడు. పాదరసం జారలేదు. ఇంకొంచెం తగ్గించాడు. అయినా జారలేదు. నా చేతిలో ఉన్న ఆమె వేళ్లు వెచ్చబడుతున్నట్టు అనిపించింది గాని, నా ఆశ అలా అనిపిస్తోందేమోనని ఎవరికీ చెప్పలేదు.

"జబ్బు దొరికింది," అన్నాడు డాక్టరు. "కాని ఈ మందు సాయంత్రం దాకనే ఆపుతది. మల్ల మల్ల ఇస్తుండాలె. ఊర్ల ఏ దుకాణంల లేదు, అడిగించిన. హైదరాబాదు నుంచి రాదు, బెజవాడ నుంచి రాదు. ఆ కోదాడాయన దగ్గర ఉంటదమ్మా. ఇన్నేండ్లు ఇచ్చిండంటే తప్పకుండ ఉంటది."

మిల్లు లారీ డ్రైవరు దగ్గర్లోని తండా మనిషి, వయసు మళ్లినవాడు. రోడ్ల మీద లారీలు ఆపుతున్నారని అతనికి తెలుసు. నేను అడగ్గానే ఏమీ అనకుండా తాళం తీసుకున్నాడు. అంతకుముందు నేనెప్పుడూ లారీ ఎక్కలేదు. చీర ఎగ్గట్టి, అతను చెయ్యి ఇస్తే పట్టుకుని ఎక్కాను. హుజూర్‌నగర్ మీదుగా వెళ్లాం. ఎండ మండిపోతోంది. ఊళ్లలో దుకాణాలు సగం మూసి ఉన్నాయి. ఎక్కడ గుంపు కనిపించినా డ్రైవరు వేగం తగ్గించేవాడు. మా మనిషి చూసి వచ్చిన ఆ తాళం ఈపాటికి తీసి ఉండాలని దండం పెట్టుకుంటూ కూర్చున్నాను.

తాళం ఉంది. ముందు తలుపుకు పెద్ద తాళం వేలాడుతోంది. నేను సందులోంచి ఇంటి వెనక్కు వెళ్లాను. కిటికీలోంచి ఆయన భార్య తొంగిచూసింది. ఆయన ఊళ్లో లేరండీ అంది. వెనక గడప దగ్గర మగవాళ్ల చెప్పులు ఉన్నాయి. వాటి పక్కన ఎవరో ఇప్పుడే కాళ్లు కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు. ఆమె వైపు కాక నేను మూసి ఉన్న తలుపు వైపు తిరిగి మాట్లాడాను.

"సార్, మేము సూర్యాపేటోళ్లం. మా వదినెకు మీరు ఉబ్బసం పొట్లాలు ఇచ్చిన్రు. అవి అయిపోయినంక ఇయ్యాల పొద్దుగాల ఆమె గుండె ఆగింది. మిర్యాలగూడ డాక్టరు లేపిండు. మిమ్మల్ని ఏమననీకి రాలే. ఆ మందు కావాలె."

 లోపలి నుంచి ఆయనే గడియ తీశాడు. చిన్న మనిషి, పెరిగిన గడ్డం. గొడవలు తగ్గేదాకా ఎవరికీ కనబడకూడదని, బయట తాళం వేయించుకుని ఇంట్లోనే ఉంటున్నాడని తర్వాత తెలిసింది.

"ఆవిడ బతికుందా అమ్మా?" అని అడిగాడు.

"ఉన్నది. సాయంత్రం దాక అన్నడు."

"ఒక్కసారిగా మానకూడదండీ అది. కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి."

"ఆ మాట మాకు ఎన్నడన్న చెప్పిన్రా?"

ఆయన భార్య ఆయన వైపు తిరిగి చూసింది. ఆయన తల దించుకున్నాడు. చెప్పలేదని ఒప్పుకున్నాడు. చెబితే పొట్లంలో ఏముందని అడుగుతారు, పేరు తెలిస్తే ఎవరి ఊళ్లో వాళ్లే కొనుక్కుంటారు, తన దగ్గరికి ఎవరొస్తారు అన్నాడు. లోపల ఉన్నది స్టెరాయిడు మాత్రలు నూరిన పొడి. ఆ పేరు నేను వినడం అదే మొదలు.

ట్రంకు పెట్టె తెరిచి, బట్టల కింద నుంచి గుడ్డలో చుట్టిన మందుసీసాలు తీశాడు, అదే మందు సూదితో ఎక్కించేది. నేను చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. చొక్కా తగిలించుకుంటున్నాడు. రోజూ ఎంత మోతాదు ఇచ్చానో డాక్టరుగారు అడుగుతారు, మీరు చెప్పలేరు, నేనే వస్తాను అన్నాడు. భార్య వద్దంది. రోడ్డు మీద ఏమవుతుందో తెలియదంది. ఆయన గుడ్డమూటను ఒళ్లో పెట్టుకుని లారీలో నాకూ డ్రైవరుకూ మధ్య కూర్చున్నాడు.

హుజూర్‌నగర్ దాటాక రోడ్డుకు అడ్డంగా చెట్టుకొమ్మ, బండరాళ్లు ఉన్నాయి. కుర్రవాళ్లు పది పన్నెండు మంది లేచి వచ్చారు. లారీ ఎవరిది, ఎటు పోతున్నారు అని అడిగారు. డ్రైవరు మిల్లు పేరు చెప్పాడు. మధ్యలో కూర్చున్నది ఎవరని ఒకడు నన్నే అడిగాడు. మా బావ అని చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఆయన నోరు విప్పితే యాస తెలిసిపోతుంది కాబట్టి పలకొద్దని ముందే చెప్పాను. నేను నోరు తెరిచేలోపే ఆయన ముందుకు వంగాడు.

"నేను కోదాడలో వైద్యం చేస్తానండీ. మా సొంతూరు కృష్ణా జిల్లా. మిర్యాలగూడలో ఒకావిడకి ప్రాణం మీదకొచ్చింది. మందు తీసుకెళుతున్నాను."

 డ్రైవరు చెయ్యి గేరు మీద బిగుసుకుంది. ఆ కుర్రవాడు మందు చూపించమన్నాడు. ఆయన మూట విప్పాడు. సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. కుర్రవాడు వాటిని చూసి నా వైపు తిరిగాడు.

"ఎవరమ్మా పేషెంటు?"

"మా వదినె," అన్నాను. "సూర్యాపేట."

అతను వెనక్కు తిరిగి, జరగండిరా అన్నాడు. వాళ్లే కొమ్మను ఈడ్చి పక్కన పడేశారు. ముందు ఊళ్లో మళ్లీ ఆపుతారని, దవాఖాన బండి అని చెప్పమని డ్రైవరుకు చెప్పారు. ఆ మాట మీదనే తర్వాత రెండుచోట్ల బయటపడ్డాం.

మేము వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. పాదరసం మళ్లీ జారడం మొదలైందని డాక్టరు ముఖమే చెప్పింది. కొత్తగా వచ్చిన మనిషి ఎవరని కూడా అడగలేదు. సీసా అందుకుని మందు ఎక్కించాడు. మళ్లీ ఆ పెట్టె ముందు కూర్చోవడం. ఈసారి ముగ్గురం. గంటసేపటి తర్వాత వదినె పెదవులు కదిపింది. ఏమంటోందో తెలియలేదు. డాక్టరు ఆమె కనురెప్ప ఎత్తి చూసి, ఊపిరి గట్టిగా వదిలాడు.

అప్పుడు మోతాదు అడిగాడు. కోదాడ ఆయన చేతులు కట్టుకుని, పరీక్షలో నిలబడ్డ విద్యార్థిలా జవాబులు చెప్పాడు. అంతా విన్నాక డాక్టరు ఇంకో ప్రశ్న వేశాడు.

"ఇట్ల ఎంతమందికి ఇస్తున్నవ్?"

"చాలామందికండీ. ఉబ్బసాలు, కీళ్లనొప్పులు."

"నీ ఇంటికి తాళం పడ్డంక వాళ్లందరికి ఆగిపోయినట్టేనా?"

 కోదాడ ఆయన ముఖంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. ఆ సంగతి అప్పటిదాకా ఆయనకు తట్టలేదు. తాను ఇంట్లో భయపడి కూర్చున్న రోజులన్నీ, ఊళ్లలో వాళ్ల పొట్లాలు ఒక్కొక్కటే అయిపోతూ వచ్చాయి. మునగాలలో ఇద్దరు, నడిగూడెంలో ఒక కుమ్మరాయన, మోతెలో ఒక పెద్దాయన అని తనలో తాను చెప్పుకోవడం మొదలుపెట్టాడు. మనుషుల పేర్లు గుర్తుకు రాక, వాళ్ల జబ్బులూ ఊళ్లూ చెబుతున్నాడు. డాక్టరు ఆయనను మందలించలేదు. తెల్లవారగానే వాళ్లందరి దగ్గరికీ వెళ్లమన్నాడు. ఎవరెవరికి ఏం చెప్పాలో, ఎలా తగ్గించాలో కూర్చోబెట్టి నేర్పాడు. వదినెకు సరిపోయేన్ని సీసాలు ఉంచుకుని మిగిలినవి తిరిగి ఇచ్చాడు. పొద్దున్నే మా డ్రైవరే ఆయనను లారీలో తీసుకెళ్లాడు.

మా ఆయన మర్నాడు కొంత దూరం ఎడ్లబండిలో, కొంత నడిచి, చివరికి ఎవరిదో జీపు ఎక్కి వచ్చాడు. అక్కను చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆమె ఇంకా మమ్మల్ని గుర్తుపట్టలేదు. నన్ను చూసి ఎప్పుడో పోయిన వాళ్లమ్మ పేరు పెట్టి పిలిచింది. మూడో రోజు గాని నన్ను నన్నుగా గుర్తుపట్టలేదు. పూర్తిగా తెలివి వచ్చాక ఆమె మొదట అడిగింది తన రొమ్ము మీద బండ ఎవరు పెట్టారని. పక్కటెముకలు రెండు విరిగాయి. మిర్యాలగూడ ఎప్పుడు వచ్చామో, మిల్లు ఎవరిదో ఆమెకు జ్ఞాపకం లేదు. కొన్ని జ్ఞాపకాలు తర్వాత తిరిగి వచ్చాయి. కొన్ని రానేలేదు.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం డాక్టరును నేనే అడిగాను, అసలేం జరిగిందని. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయని చెప్పాడు. భయమో, దెబ్బో, జబ్బో మీద పడితే వాటి నుంచి రెండు రకాల రసాలు వస్తాయట. ఒకటి వెంటనే వచ్చి గుండెను ఉరికిస్తుంది. తాను సూదితో గుండెలోకి దింపింది దాన్నే. రెండోది నిదానంగా ఊరుతుంది, ఆ ఉరుకుడు తట్టుకునే సత్తువ ఇస్తుంది. మూడేళ్లు ఆ రెండోదాన్ని బయటి నుంచి పోస్తూ వచ్చేసరికి గ్రంథి తన పని మరిచిపోయిందట. పొట్లం ఆగింది, లోపల ఊట లేదు, ఆ కడుపునొప్పీ వాంతులూ దాంతోనే వచ్చాయి, పైన కత్తి పడింది. అందుకే గుండె లేచింది గాని నిలబడలేకపోయింది.

"ఆగిన గుండెను లేపిన తర్వాత కొందరు నిలుస్తరు, కొందరు నిలవరు. ఆ రసం ఎవరిల ఎంత ఊరుతదనే దాని మీద కూడ ఉంటదేమో అనిపిస్తున్నది నాకు," అన్నాడు. "నేను సూసింది మీ వదినెను ఒక్కదాన్నే. గట్టిగ చెప్పలేను."

మాత్రలు ఇచ్చి, వాటిని నెలల తరబడి కొసరి కొసరి తగ్గించాడు. పూర్తిగా మాన్పించడం కుదరలేదు. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా ఆ రోజు మాత్ర రెట్టింపు వేయాలని నాకు పాఠంలా చెప్పాడు. ఉబ్బసం తిరిగి వచ్చింది, పాతంత కాకపోయినా. గొడవలు సద్దుమణిగాక సూర్యాపేట వచ్చేశాం. వదినె దుకాణం గద్దె మీద కూర్చునేది గాని బేరం మా ఆయనకు వదిలేసింది. ఒళ్లు వెచ్చబడితే చాలు, నేను మాత్ర పట్టుకుని ఆమె ముందు నిలబడేదాన్ని. ఆమె విసుక్కునేది. ఇంకో ఆరేళ్లు బతికింది.

నాకు కోదాడ ఆయన మీద కోపం పోలేదు. ఆ మాట ఒకసారి పైకి అన్నాను. వదినె వడియాలు ఎండబెడుతూ తల ఎత్తింది.

"నువ్వు గాలి కోసం ఎన్నడు ఏడ్వలే," అంది. "మూడేండ్లు నేను నిండ పీల్చిన. చెప్పకపోవుడు ఆయన తప్పే. అది కూడ నేనే అంటున్న."

మోతె పెద్దాయన బతకలేదని ఆమెకు నా ద్వారానే తెలిసింది. ఎండదెబ్బ అనుకుని దహనం కూడా చేసేశారట, కోదాడ ఆయన చేరేసరికి అప్పటికి వారమైంది. మిగిలినవాళ్లలో ఒకామె మంచం పట్టి ఉంటే ఆయన మందు ఇచ్చి లేపాడని, అందరికీ మాత్రల పేరు చెప్పి చేతిలో పెట్టాడని మా డ్రైవరు చెప్పాడు. ఆ తర్వాత ఆయన వైద్యం మానేసి సొంతూరు వెళ్లిపోయాడు.

బస్సులో కూర్చోగలనని అనిపించిన రోజు వదినె మోతె పోదామంది.  అడ్రసు లేదు, ఎండదెబ్బతో పోయిన ఉబ్బసం పెద్దాయన అని అడుగుతూ వెళ్లాం. పెంకుటిల్లు. ఆయన భార్య వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. మేమెవరమో చెప్పుకున్నాం. ఆమె చాప వేసింది.

కోదాడ ఆయన వచ్చాడని ఆమే చెప్పింది. అరుగు మీద కూర్చుని, తన మందు ఆగినందుకే ఇలా అయిందని చెప్పి ఏడ్చాడట.  ఆమె మంచినీళ్లు ఇచ్చిందట. తన మనిషి పోయే ముందు రెండు రోజులు గోడ పట్టుకుని నడిచాడని, ఎండ అనుకుని మజ్జిగ తాగించానని అంది. ఆ మాట వినగానే నేను తల తిప్పుకున్నాను.

"నా గుండె గూడ ఆగింది," అంది వదినె. "లేపిన్రు."

ఆమె చేతిలో మిరపకాయ పట్టుకుని వదినెను పైనుంచి కింది దాకా చూసింది. ఈర్ష్య లేదు ఆ చూపులో, కోపమూ లేదు. తెలుసుకోవాలని మాత్రమే ఉంది.

"లేచినంక ఎట్లుంటదమ్మా?" అని అడిగింది.

 వదినె చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని ఆలోచించింది.

"నొస్తది," అంది. "మస్తు నొస్తది."

ఆమె తల ఊపింది.  వదినె చాప మీద ముందుకు జరిగి, కుప్పలోంచి తనూ కొన్ని మిరపకాయలు తీసుకుని తొడిమలు తుంచడం మొదలుపెట్టింది. బస్సు వేళయిందని నేను రెండుసార్లు అన్నాను. ఇద్దరూ వినిపించుకోలేదు.